కోవిడ్ డ్యూటీ కాగితాలు: కొత్త బ్రాంచి కార్యదర్శికి ఉత్తరం

అమ్మా రమా,

బ్రాంచి కార్యదర్శిగా నిన్ను ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. "బాబాయ్, మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే యూనియన్ మొదట ఏం చెయ్యాలి?" అని అడిగావు కదా. ఫోన్లో చెబితే నువ్వు సగం మర్చిపోతావు, నేను సగం వదిలేస్తాను. అందుకే రాస్తున్నాను.

మొదట ఒక రిజిస్టరు మొదలుపెట్టు. ధర్నాలు, మెమొరాండాలు తర్వాత. మీ ఆసుపత్రి గేటు లోపల పనిచేసే ప్రతి ఒక్కరి పేరు అందులో ఉండాలి. ఎవరి కింద పనిచేస్తున్నారు, ఏ ఆర్డర్ మీద వచ్చారు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరు, పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబరు, నామినీ ఎవరు, ఇవన్నీ రాయాలి. రెగ్యులర్ వాళ్లకి సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది కాబట్టి వాళ్ల గురించి పెద్దగా కష్టపడక్కర్లేదు. కాంట్రాక్టు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డేటా ఎంట్రీ పిల్లలు, ఏజెన్సీ కింద ఉన్న శానిటేషన్ వాళ్లు, సెక్యూరిటీ, మార్చురీ దగ్గర రోజుకూలీకి వచ్చేవాళ్లు... వీళ్ల దగ్గరికి నువ్వే వెళ్లాలి. వీళ్లలో చాలామంది మన సభ్యులు కూడా కాదు. అయినా రాయి. చందా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నామినీ గడి దగ్గర కాస్త ఆగి అడుగు. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన వాళ్లు తండ్రి పేరో తల్లి పేరో ఇచ్చి ఉంటారు. పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, కొత్తది పెట్టాలి. ఎవరూ పెట్టరు. మనిషి పోయాక ఇంట్లో అత్తకీ కోడలికీ గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను. 2020 మార్చి 30 నుంచి కేంద్రం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా పెట్టింది. ప్రీమియం మనం కట్టక్కర్లేదు, పేరు ముందుగా నమోదు చేసుకోనక్కర్లేదు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, రోజుకూలీ, ఆశా వర్కర్లు అందరూ వస్తారన్నారు. పేపర్లో చదివి మనవాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు. కానీ క్లెయిమ్‌తో జత చెయ్యాల్సిన కాగితాల్లో ఒకటుంది. ఈ మనిషిని మేం కోవిడ్ పనిలో పెట్టాం, ఆ పని వల్ల వ్యాధి సోకే అవకాశం ఉంది అని ఆసుపత్రి రాసివ్వాలి. ఫైళ్లు ఆగిపోయేది దాని దగ్గరే. సూపర్‌వైజర్ నోటి మాట మీద ఐసొలేషన్ వార్డు తుడవడానికి వెళ్లిన ఆమెకి ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? మేం పంపలేదని ఆసుపత్రి అంటుంది, మాకు సంబంధం లేదని ఏజెన్సీ అంటుంది, నేను జనరల్ వార్డుకే పంపానని సూపర్‌వైజర్ అంటాడు. 2021 జూన్ నుంచి జిల్లా కలెక్టర్ ధ్రువీకరిస్తే చాలని, బీమా కంపెనీ 48 గంటల్లో తేల్చాలని మార్చారు. మంచి మార్పే. కానీ కలెక్టరైనా ఏదో ఒకటి చూసే కదా సంతకం పెట్టేది. మళ్లీ డ్యూటీ రోస్టర్ (ఎవరు ఏ రోజు ఏ వార్డులో అన్న పట్టిక) దగ్గరికే వస్తాం.

మున్సిపాలిటీ వాళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఆ బీమా ఆరోగ్య సిబ్బందికి అని రాసుంది. కంటైన్‌మెంట్ జోన్‌లో చెత్త ఎత్తిన వాళ్లు, బ్లీచింగ్ చల్లిన వాళ్లు ఆరోగ్య సిబ్బందా కాదా అని అడిగితే, కోవిడ్ పనికి వాళ్లని తీసుకున్నట్టు రాత ఉందా అని ఎదురు ప్రశ్న వస్తుంది. మీ పక్కనే ఉన్న మున్సిపల్ యూనియన్ వాళ్లకి ఈ సంగతి ముందే చెప్పు. ఎవరి జెండా ఏ రంగు అని చూడకు.

కాబట్టి వార్డులోకి అడుగుపెట్టే ముందు పేరుతో, తేదీతో, వార్డు పేరుతో డ్యూటీ ఆర్డర్ అడగండి. అడగ్గానే ఇవ్వరు. మొదటి వారం ఎవరి హడావిడి వాళ్లది, పేషెంట్లు స్ట్రెచర్ల మీద ఉంటారు. అప్పుడు ఆర్డర్ ఇస్తేనే వస్తాం అని గుమ్మంలో కూర్చోవడం నాకిష్టం లేదు, నీకూ ఉండదు. దానికో పద్ధతి ఉంది. ఆ రోజు సాయంత్రమే యూనియన్ లెటర్‌హెడ్ మీద "ఈ రోజు ఫలానా వారు నోటి ఆదేశం మీద ఫలానా వార్డులో పనిచేశారు, ఆర్డర్లు జారీ చెయ్యగలరు" అని పేర్లతో సహా రాసి, తపాల్లో (ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దాచు. రోజూ రోస్టర్ ఫోటో తీయి. గోడ మీద అంటించినది సాయంత్రానికి చించేస్తారు.

సూపరింటెండెంట్‌కి కోపం వస్తుందేమో అని భయపడకు. పైకి విసుక్కుంటారు గానీ, చాలామంది సూపరింటెండెంట్లకి మన ఉత్తరం అవసరం. "యూనియన్ వాళ్లు రాతపూర్వకంగా అడుగుతున్నారు" అని చెప్పి వాళ్లు పైవాళ్ల దగ్గర పీపీఈ కిట్లు, మనుషులు సాధించుకుంటారు. ఈ రహస్యం నాకు ఒక పాత ఆర్ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారే చెప్పారు.

ఇంకో ముఖ్యమైన కాగితం టెస్టు రిపోర్టు. సీటీ స్కాన్ చూసి కోవిడ్ అనుకుని వైద్యం చేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వైద్యానికి అది సరిపోతుంది. ఆ బీమాకి మాత్రం ల్యాబ్ పాజిటివ్ రిపోర్టు కావాలన్నారు. మన సిబ్బందిలో ఎవరు అడ్మిట్ అయినా, మంచం మీద పడుకోబెట్టే లోపే శాంపిల్ తీయించి, రిపోర్టు కాపీ బ్రాంచికి తెచ్చే బాధ్యత ఒకరికి అప్పగించు. ల్యాబ్‌లో మనవాళ్లే ఉంటారు కదా, కష్టం కాదు.

50 లక్షలు రాకపోయినా దొరికేవి కొన్ని ఉన్నాయి. ఇవి కుటుంబాలకి తెలియవు, ఏజెన్సీలు చెప్పవు. పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకి ఈడీఎల్ఐ అని ఒక బీమా దానితోనే వస్తుంది, ఉద్యోగంలో ఉండగా ఏ కారణంతో చనిపోయినా వర్తిస్తుంది. 2021 ఏప్రిల్‌లో దాని గరిష్ఠ మొత్తాన్ని 6 లక్షల నుంచి 7 లక్షలకి పెంచారు. ఈఎస్ఐలో ఉన్నవాళ్లు కోవిడ్‌తో పోతే, సగటు జీతంలో 90 శాతం కుటుంబానికి నెలనెలా ఇచ్చే పథకం 2020 మార్చి 24 నుంచి రెండేళ్లకి పెట్టారు. జబ్బు బయటపడటానికి కనీసం మూడు నెలల ముందే పేరు ఈఎస్ఐ పోర్టల్‌లో ఉండాలని షరతు. అంటే జబ్బు వచ్చాక పేరు ఎక్కించినా లాభం లేదు. ఇవి కాక, కోవిడ్ మరణం ఎవరిదైనా సరే 50 వేలు ఇవ్వాలన్నది సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో ఖరారు చేసింది.

మళ్లీ ఏదైనా వస్తే ఇవే పథకాలు, ఇవే మొత్తాలు ఉంటాయని చెప్పను. కానీ ప్రతిసారీ మెలిక ఒకలాగే ఉంటుంది. ప్రకటనలో డబ్బు అంకె పెద్దది, అర్హత షరతుల అక్షరాలు చిన్నవి. జీవో రాగానే ప్రెస్‌నోట్ చదివి వదిలెయ్యకుండా, మొత్తం డౌన్‌లోడ్ చేసి చివరి అనెక్సర్ (అనుబంధం) దాకా చదివే మనిషి బ్రాంచిలో ఒకరుండాలి. ఆ పని నువ్వు పెట్టుకోకు, నీకు టైం ఉండదు. లెక్కల మీద ఆసక్తి ఉన్న ఫార్మసిస్టు ఎవరినైనా చూడు.

ఏజెన్సీ పీఎఫ్ కడుతోందా లేదా అన్నది ఇప్పుడే చూడు. ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే తెలిసిపోతుంది. జీతంలో కోత పడుతోంది, పాస్‌బుక్‌లో జమ లేదు అంటే వెంటనే ఆసుపత్రికి రాయి. కాంట్రాక్టర్ కట్టకపోతే పీఎఫ్‌కైనా ఈఎస్ఐకైనా అసలు యజమాని, అంటే పనిచేయించుకునే సంస్థే బాధ్యత వహించాలని చట్టంలో ఉంది. నా హయాంలో ఒక ఏజెన్సీ నెలల తరబడి కట్టలేదు. ఈ మాట రాతలో పెట్టాక కదిలింది.

క్వారంటైన్ రోజుల సంగతి. 2020 జులై చివర్లో సుప్రీంకోర్టులో, ఆరోగ్య సిబ్బంది క్వారంటైన్ కాలాన్ని డ్యూటీగానే చూస్తామని కేంద్రం చెప్పింది. అది రెగ్యులర్ వాళ్లకి పనికొచ్చింది. ఏజెన్సీ మస్టర్‌లో (హాజరు పట్టీలో) మాత్రం ఆ రోజులన్నీ ఆబ్సెంట్ కిందే పడ్డాయి. నెలాఖరు దాకా ఆగితే జీతాల బిల్లు పాసైపోతుంది. ఇరవయ్యో తారీఖుకే మస్టర్ కాపీ అడుగు.

కిట్ల గురించి నీకు నేను చెప్పేదేముంది, నువ్వే వేసుకుని పనిచేశావు. ఒక్క మాట. ఎన్ని కిట్లు వచ్చాయి అన్న లెక్కతో సరిపెట్టుకోకు. అది వేసుకుని ఎన్ని గంటలు ఉండాలి, మధ్యలో మంచినీళ్లు, బాత్రూం ఎలా, నెలసరిలో ఉన్న ఆడవాళ్లకి ఏం ఏర్పాటు, ఇవి అడుగు. మగ నాయకులకి ఇవి తట్టవు. ఎఫ్ఎన్‌వోలకి (వార్డుల్లో నర్సులకి సాయం చేసే ఆడవాళ్లకి), శానిటేషన్ వాళ్లకి కిట్ తొడగడం, విప్పడం నర్సులే నేర్పాలి, వాళ్లకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వరు.

జీతాల విషయానికొస్తే, 2020 మార్చి ఆఖరున రెండు రాష్ట్రాలూ కోత పెట్టాయి. ఆంధ్రలో వాయిదా అన్నారు, జీవో 26. ఉద్యోగులకి సగం, నాలుగో తరగతి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకి 10 శాతం. ఏప్రిల్‌లో వైద్య, పోలీసు, పారిశుధ్య సిబ్బందికి పూర్తి జీతం ఇస్తామన్నారు. తెలంగాణలో పెన్షన్లలోనూ సగం కోశారు, హైకోర్టు ప్రశ్నిస్తే జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు. ఆంధ్రలో కేసు వేస్తే, ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో ఇమ్మని హైకోర్టు చెప్పింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతం చేసింది. ఆ పిటిషన్ వేసింది ఏ సంఘమూ కాదు, ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి. ఉద్యోగ సంఘాలు చర్చల్లో కూర్చున్నాయి, కాఫీలు తాగాయి. చర్చలు తప్పని అనను. కోర్టు తలుపు కూడా తెరిచి పెట్టుకుని చర్చలకి వెళ్లాలి. డీఏ (కరువు భత్యం) చూడు. కేంద్రం 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా ఆపిన 18 నెలల బకాయి రానే లేదు.

సమ్మె గురించి అడుగుతావని తెలుసు. కోవిడ్ వార్డు ఖాళీ చేసి బయటికి రావద్దు. జనం ఒక్కసారి మన మీద తిరగబడితే మన డిమాండ్ ఎంత న్యాయమైనా వినేవాడుండడు. పైగా ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం) ఉంటుంది, 2020 ఏప్రిల్‌లోనే ఆంధ్ర ప్రభుత్వం వైద్య సేవల మీద పెట్టింది. అలాగని చేతులు కట్టుకోనక్కర్లేదు. షిఫ్టు దిగినవాళ్లు నల్లబ్యాడ్జీలతో మెట్ల మీద నిలబడొచ్చు. 2020 ఆగస్టు 7, 8 తేదీల్లో ఆశా, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన పథకం వాళ్లు దేశమంతా సమ్మె చేశారు. ప్రభుత్వ లెక్కలో వాళ్లు వర్కర్లే కాదు, వాలంటీర్లు, వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అంత బలహీనమైన స్థితిలో ఉన్నవాళ్లు చేశారు. 2020 జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో డాక్టర్ మీద దాడి జరిగితే జూనియర్ డాక్టర్లు బైఠాయించారు, మంత్రి వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. దాడుల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి ఆరోగ్య సిబ్బంది మీద దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష పెట్టారు, నాన్‌బెయిలబుల్. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఆ సెక్షన్లు ప్రింట్ తీసి పట్టుకెళ్లు. ఎస్ఐలకి అన్నీ గుర్తుండవు.

యూనియన్ ఆఫీసు తాళం వేసి ఉంచకండి. వరంగల్‌లో డాక్టర్లనే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు 2020లో. ఇక ఎఫ్ఎన్‌వో సంగతి చెప్పాలా? రెండు గదులు, నాలుగు పరుపులు, ఒక గ్యాస్ స్టవ్ సిద్ధంగా ఉంటే ఒక రాత్రికి ఎవరికైనా నీడ దొరుకుతుంది. మా రిటైర్డ్ వాళ్లని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టు. జ్వరంతో ఒక్కతే గదిలో ఉన్న పిల్లకి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి మాట్లాడే పని మాకు బాగా వచ్చు, మా దగ్గర టైమూ ఉంది.

అల తగ్గాక అందరూ అలసిపోయి ఇళ్లకి పోతారు. నీ పని అప్పుడు ఇంకో నెల ఉంటుంది. అత్యవసరంగా తీసుకున్న వాళ్లని అప్పుడే తీసేస్తారు. తెలంగాణలో 2021 జులైలో కోవిడ్ నర్సులని తీసేస్తే వాళ్లు రోడ్డెక్కారు. ఆంధ్రలో తర్వాతి నియామకాల్లో కోవిడ్ సేవకి వెయిటేజీ ఇచ్చారు, ఆరు నెలలకి 5 మార్కులు, ఏడాదికి 10, ఏడాదిన్నరకి 15. మార్కులు కావాలంటే సర్వీస్ సర్టిఫికెట్ ఉండాలి. ఆర్డర్లు, రోస్టర్లు దాచుకున్న పిల్లలకి అది తేలిగ్గా వచ్చింది. లేనివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. తీసేసే ఆర్డర్ చేతికొచ్చిన రోజే సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టించు, సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయిపోకముందే.

ఆదివారం వీలైతే ఇంటికి రా. పాత క్లెయిమ్ ఫైళ్లు బీరువాలో ఉన్నాయి, ఫారం ఎలా నింపాలో, ఎక్కడ తిప్పి పంపారో చూస్తే నీకే అర్థమవుతుంది. కుటుంబాల వివరాలున్నాయి కాబట్టి ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. వచ్చేటప్పుడు నీ యూఏఎన్ నంబరు కూడా తెచ్చుకో, నామినీ గడిలో ఎవరి పేరుందో చూద్దాం.

మీ బాబాయ్