అడిగింది రెండంగుళాలు, పోయింది ఆరు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే గోల మీద వచ్చాయి. అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి తోసేసి ఈ పేజీ మొత్తం జుట్టుకే ఇచ్చేస్తున్నాను. అలిగిన మిగతావాళ్లు క్షమించాలి.

ప్రశ్న: అక్కా, నా జుట్టు భుజాలు దాటి ఐదంగుళాలు కిందికి ఉండేది. కొసలు చిట్లాయని రెండంగుళాలు తీసి కాస్త లేయర్స్ ఇమ్మన్నాను. ఆవిడ 'మీ ముఖానికి ఇదే బాగుంటుంది' అంటూ కత్తిరిస్తూనే పోయింది, నేను నోరు తెరిచి ఆపమనలేకపోయాను. ఇప్పుడు ఆరంగుళాలు పోయాయి, భుజాలకి కూడా తగలడం లేదు. అడక్కుండానే నుదుటి మీద పడేలా ఫ్రింజ్ కూడా ఇచ్చింది, అదీ ఒక పక్కకి వంకరగా. ఇంటికొచ్చి ఏడ్చి, ఆ తర్వాత కోపం ఆపుకోలేక ఫ్రింజ్ నేనే సరిచేద్దామని కత్తెర పట్టుకుంటే అది ఇంకా పొట్టిదైంది. వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లనా? ఇది పెరగడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆఫీసుకి స్కార్ఫ్ కట్టుకుని వెళ్తున్నాను.
(అద్దం తిప్పేసిన అమ్మాయి)

జవాబు: చెల్లీ, ముందు ఆ కత్తెర తీసుకెళ్లి నీకు అందనంత ఎత్తులో పెట్టేసి రా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పిల్లులకి రొట్టె పంచిన కోతి కథ గుర్తుందా? ఈ పక్క ఎక్కువైందని ఓ ముక్క, ఆ పక్క ఎక్కువైందని ఇంకో ముక్క కొరుకుతూ పోతే చివరికి రొట్టే మిగల్లేదు. ఇంట్లో ఫ్రింజ్ సరిచేసుకోవడం సరిగ్గా అలాంటిదే. పైగా ముందువైపు జుట్టు అందరికీ కనిపించే చోట ఉంటుంది.

ఇక మూడు నాలుగు రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకు. ఊరికే ఓదార్చడానికి చెప్పడం లేదు, కారణం ఉంది. సెలూన్‌లో నువ్వు అద్దంలో చూసింది డ్రయ్యరూ గుండ్రటి బ్రష్షూ కలిసి చేసిన జుట్టు, నువ్వు రోజూ బతకాల్సింది ఇంట్లో తలస్నానం చేసి ఆరబెట్టుకున్న జుట్టుతో. తడిసినప్పుడు వెంట్రుక సాగుతుంది, ఆరాక మళ్లీ పైకి లేస్తుంది, అలలున్న జుట్టూ ఉంగరాల జుట్టూ అయితే మరీను. తడి మీద కనుబొమలదాకా కత్తిరించిన ఫ్రింజ్ ఆరేసరికి నుదుటి మధ్యకి ఎక్కి కూచునేది ఇందుకే. ఒకసారి నువ్వే తలస్నానం చేసి, ఆరనిచ్చి, నీ మామూలు పాపిడి తీసి చూడు. వాళ్లు పాపిడి ఇంకోచోట తీసి కత్తిరించి ఉంటే వంకరలో కొంత దాని పుణ్యమే కావచ్చు.

అప్పటికీ వంకర ఉంటే, వారం దాటకముందే ఫోన్ చేసి వెళ్లు. అదే సెలూన్‌కి వెళ్లడంలో తప్పేం లేదు, కావాలంటే ఇంకొకరి చేత చేయించమని అడుగు. చాలాచోట్ల సరిదిద్దడానికి డబ్బు తీసుకోరు, కానీ ముందే అడిగి తెలుసుకో. వెళ్లాక 'నా జుట్టంతా పాడు చేశారు' అంటే అవతలివాళ్లు తమని కాపాడుకునే పనిలో పడతారు. దాని బదులు 'ఎడమవైపు ఈ పొర కుడివైపుకన్నా ఇంత పొడవుంది, ఇక్కడ గుత్తిగా నిలబడుతోంది' అని వేలు పెట్టి చూపించు. ఎగుడుదిగుళ్లని సమం చేయొచ్చు, ఒకేచోట గుబురుగా ఉంటే తగ్గించొచ్చు, ఫ్రింజ్‌ని పక్కకి కలిపేయొచ్చు. పొట్టిదాన్ని మాత్రం పొడవు చేయలేరు. పళ్లున్న కత్తెరతో మరీ పలచన చేసేసి ఉంటే దాని జోలికి వెళ్లనివ్వకు, ఎందుకంటే దాన్ని సరిచేయాలంటే ఇంకా పైకి కత్తిరించాల్సిందే.

ఎన్నాళ్లు అన్నావు కదా, లెక్క వేద్దాం. మాడు మీది జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఆరంగుళాలంటే ఏడాది అని గుండె గుభేలుమనిపించుకోకు. అందులో రెండంగుళాలు నువ్వే తీసేయమన్నావు. కాబట్టి నీకు నిజంగా బాకీ ఉన్నది నాలుగంగుళాలు, అంటే ఎనిమిది నెలలు. భుజాలకి తగలడానికి అంగుళమే తక్కువ కనక రెండు నెలలు చాలు. ఆ తర్వాత పిలకా పడుతుంది, క్లిప్పూ పడుతుంది. ఫ్రింజ్‌తోనే కొంచెం ఎక్కువ రోజులు కుస్తీ. కళ్లలో పడే దశ ఒకటి వస్తుంది, సరిగ్గా అప్పుడే మళ్లీ కత్తిరించేయాలనిపిస్తుంది. అప్పుడు పాపిడి పక్కకి తీసి, ఆ ముందు వెంట్రుకల్ని మెలితిప్పి చెవి పక్కన పిన్ను పెట్టుకుని గట్టెక్కాలి. స్కార్ఫ్ కట్టుకుంటే కట్టుకో గానీ బిగించి కట్టకు.

నెలలో ఆరంగుళాలు పెంచే నూనె ఏదీ లేదు. మాడు బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, అది కెరటిన్ అనే ప్రొటీన్‌తో అల్లిన తీగ. పెరగడమంతా కింద కుదుళ్లలో జరుగుతుంది. మరి మనం చేయగలిగింది ఏమిటంటే, పెరిగింది విరక్కుండా చూసుకోవడం. పైన నెలకి అరంగుళం పెరుగుతూ కింద అంతే విరుగుతుంటే ఏళ్లు గడిచినా జుట్టు అక్కడే ఉంటుంది. 'నా జుట్టు అస్సలు పెరగదండీ' అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. తడి జుట్టుకి బలం తక్కువ కనక టవల్‌తో పరపరా రుద్దకు, మెత్తటి నూలుగుడ్డతో అద్ది తుడుచుకో. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకో. షాంపూ మాడుకి, కండిషనర్ కొసలకి. స్ట్రెయిటనర్‌ని కొన్నాళ్లు బీరువాలో పెట్టెయ్, తప్పనిసరైతే పూర్తిగా ఆరిన జుట్టుకే, తక్కువ వేడి మీద వాడు. తడి జుట్టుకి అది తగిలిస్తే లోపలి నీరు ఆవిరై వెంట్రుక లోపలే బుడగలు కడుతుంది, ఆ చోటే పుటుక్కున తెగుతుంది. కొబ్బరినూనె అలవాటుంటే తలస్నానానికి ముందు రాసుకో, అది వెంట్రుక లోపలికి ఇంకి కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. కత్తిరిస్తుంటే త్వరగా పెరుగుతుందన్న మాట మాత్రం నమ్మకు. కొసన కత్తెర పడినట్టు కుదురుకి తెలియదు. చిట్లిన కొసలు ఏ సీరంతోనూ అతుక్కోవు కనక, చిట్లినప్పుడు ఆ కాస్తా తీయించుకుంటే చాలు.

నా సంగతీ చెప్పనా? ఐడీ కార్డు ఫొటోకి ముందురోజు నేనూ ఒకచోట ఇలాగే బలయ్యాను. ఆ కార్డు ఐదేళ్లు మెడలో వేసుకుని తిరిగాను.

ప్రశ్న: మేడమ్, మెషిన్ నంబర్ రెండు పెట్టమంటే అతను ఒకటి పెట్టి చెవుల పైదాకా లాగేశాడు. పైన జుట్టు మూత పెట్టినట్టుంది, పక్కన నున్నగా ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ పాడైంది కదా, మొత్తం గుండు చేయించుకో, ఒత్తుగా వస్తుంది అంటున్నారు. చేయించుకోమంటారా?
(క్యాప్ తీయని కుర్రాడు)

జవాబు: గుండు ఇష్టమైతే చేయించుకో తమ్ముడూ, ఒత్తుగా వస్తుందని మాత్రం చేయించుకోకు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే షేవింగ్ మీద పరిశోధన చేసి, గీసినందువల్ల వెంట్రుక పెరిగే వేగం గానీ మందం గానీ మారదని తేల్చింది. దాదాపు వందేళ్లయినా ఆ మాట మన ఇళ్లకి చేరలేదు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, గీసిన వెంట్రుక కొస మొద్దుగా తెగుతుంది, అందుకే చేత్తో నిమిరితే గరుగ్గా, దట్టంగా అనిపిస్తుంది. అంతే తేడా.

నీది అసలు చిన్న సమస్య. నంబర్ ఒకటంటే మూడు మిల్లీమీటర్లు, రెండంటే ఆరు. జుట్టు రోజుకి మిల్లీమీటరులో మూడోవంతు పైచిలుకు పెరుగుతుంది, అంటే తొమ్మిది పది రోజుల్లో నువ్వడిగిన నంబర్ రెండు దానంతటదే వచ్చేస్తుంది. ఈలోగా ఆ మూతలా ఉన్నదాన్ని మాత్రం సరిచేయించుకో. పైజుట్టు పక్కలతో కలిసేచోట ఉన్న గీతని కత్తెరతో కలపమని చెప్పు, పక్కలకి మళ్లీ మెషిన్ తగలనివ్వొద్దు. మూడు నాలుగు వారాల తర్వాత ఇంకోసారి వెళ్లి అదే మాట చెప్తే ఆకారం కుదురుతుంది. క్యాప్ పెట్టుకో, ఏం కాదు, జుట్టు ఊడదు.

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్లు. ఒత్తుగా కనిపిస్తుందని నెల క్రితం మెడదాకా పొట్టిగా కత్తిరించుకున్నాను. అప్పటి నుంచీ దువ్వెన పెడితే చాలు కుచ్చులుగా ఊడుతోంది. ఆ కటింగ్ పడలేదంటారా, వాళ్లు వాడిన షాంపూనా? అంతకుముందు, అంటే మూడు నెలల క్రితం, గట్టి జ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉన్నాను కూడా. బయోటిన్ మాత్రలు మొదలుపెట్టాను. ఇంకేం వాడాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: ఉత్తరం చివర్లో మాటవరసకి రాసిన ఆ జ్వరమే మీ జవాబు అయ్యుండొచ్చండీ! కటింగ్‌కీ కుదుళ్ల నుంచి ఊడటానికీ ముడిపెట్టడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే. గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఒక్కసారిగా తిండి మానేసి బరువు తగ్గడం, పెద్ద దిగులు, ఇలాంటివి జరిగినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి విశ్రాంతి దశకి వెళ్లిపోతాయి. అవి వెంటనే రాలవు, రెండు మూడు నెలలాగి రాలతాయి. అప్పటికి మనం జ్వరాన్ని మర్చిపోయి నిన్నటి షాంపూని తిట్టుకుంటాం. కారణం పోయాక సాధారణంగా ఆరు నెలల్లోపు ఈ రాలడం సద్దుమణుగుతుంది. కుదుళ్లు ఎక్కడికీ పోవు, తిరిగి మొలుస్తుంది.

ఊడిన వెంట్రుకల్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక చివర తెల్లటి చిన్న గుండు ఉంటే అది కుదురు నుంచి రాలింది. రెండు చివర్లా ఏమీ లేక పొట్టి ముక్కలుగా ఉంటే విరిగింది, దానికి మందు పైన చెల్లికి చెప్పినదే. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం ఎవరికైనా మామూలే. అయినా మీరు చెప్పిన తీరుకి ఒకసారి చర్మవ్యాధుల డాక్టర్‌ని కలవండి. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు, ఆడవాళ్లలో ఈ రెండింటి తేడాతో రాలడం బాగా చూస్తుంటాం. ఎక్కడైనా రూపాయి బిళ్లలా నున్నగా ఖాళీ అయినా, పాపిడి వెడల్పవుతున్నా, మాడు మీద పుండ్లూ నొప్పీ ఉన్నా అసలు ఆగకండి.

బయోటిన్ సంగతి. ఒంట్లో అది తక్కువైనవాళ్లకే దానితో పని, అలాంటివాళ్లు అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల్లో తప్పు ఫలితాలు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. కాబట్టి పరీక్షకి ముందే డాక్టర్‌కి ఈ మాత్రల సంగతి చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో వాళ్లే చెప్తారు. ఆ డబ్బుతో పప్పులూ గుడ్లూ తినడం నయమని నా అభిప్రాయం.

ప్రశ్న: మీ పేజీలో మా మీదే ఫిర్యాదులు చదివి చదివి రాస్తున్నాను. కత్తెర పట్టి పదిహేనేళ్లయింది. వచ్చినవాళ్లు 'కొంచెం' తీయమంటారు, ఎవరి కొంచెం? ఫోన్‌లో ఇంకెవరి జుట్టో చూపిస్తారు, వాళ్లది పట్టులా ఉంటుంది, వీళ్లది ఉంగరాలు. తల కదుపుతూ ఫోన్ మాట్లాడతారు. నచ్చకపోయినా 'బాగుందండీ' అని నవ్వి వెళ్లి ఇంట్లో ఏడుస్తారు. మొదటి కుచ్చు పడగానే 'ఆగండి' అంటే కత్తెర దించేస్తాం కదా! ఇప్పుడు నా ప్రశ్న. మందు పెట్టి జుట్టు తిన్నగా చేసే రెబాండింగ్ చేయించుకుని రెండు వారాలు కాకముందే, జుట్టు రంగు తీసేసే బ్లీచ్ చేయమని వస్తున్నారు. వద్దంటే కోపం, చేసి పాడైతే ఇంకా కోపం. ఏం చెప్పాలి?
(అటువైపు నిలబడే మనిషి)

జవాబు: మీ ఉత్తరం ముందే వచ్చుంటే మొదటి జవాబు సగం తగ్గేది. అద్దం తిప్పేసిన చెల్లీ, చదివావా? ఈసారి వెళ్లినప్పుడు అంగుళాలు నోటితో చెప్పకు, ఆరిన జుట్టు మీద ఎక్కడ ఆగాలో వేలితో పట్టి చూపించు. జుట్టు రోజూ ఎలా కట్టుకుంటావో చెప్పు, పిలక వేసుకునేదానివైతే 'రబ్బరు బ్యాండుకి అందాలి' అన్న ఒక్క మాట చాలు, లేయర్స్ ఎంతవరకో వాళ్లకి అర్థమైపోతుంది. నచ్చని ఫొటో కూడా ఒకటి తీసుకెళ్లు, 'ఇలా మాత్రం వద్దు' అనడం అన్నిటికన్నా తేలిక.

మీకు నా జవాబు, వద్దనే చెప్పండి. రెబాండింగ్‌లో మందు వెంట్రుక లోపలి గంధకపు బంధాల్ని తెంచి, తిన్నగా పెట్టి మళ్లీ కలుపుతుంది. అన్నీ మునుపటంత గట్టిగా కలవవు. ఆ మిగిలినవాటి మీద బ్లీచ్ పడితే ఇక పట్టుకునేదేముంటుంది? కానీ ఇదంతా కుర్చీలో కూచున్న మనిషికి పాఠంలా చెప్తే వినరు. మెడ వెనక కనపడని చోట సన్నటి పాయ ఒకటి కత్తిరించి, దానికే బ్లీచ్ పెట్టి, కడిగాక తడిగా ఉన్నప్పుడే రెండు చివర్లూ వాళ్ల చేతికిచ్చి మెల్లగా లాగమనండి. చూయింగ్ గమ్‌లా సాగి తెగిపోతే ఇక మీరేం చెప్పక్కర్లేదు.