10 ఎంఎం ఆటోను తట్టుకునే పిస్టల్ ఏది?

ప్రశ్న: లైసెన్సు వచ్చింది, 10 ఎంఎం ఆటో పిస్టల్ కొనాలనుకుంటున్నాను. ఈ తూటా గరిష్ఠ పీడనం 37,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని చదివాను. మామూలు 9 ఎంఎంకే 35,000 ఉంది కదా. తేడా ఇంత తక్కువైతే దీనికి ప్రత్యేకంగా గట్టి పిస్టల్ ఎందుకు?

జవాబు: పీడనం భారం బ్యారెల్‌ మీద, తూటా కూర్చునే ఛాంబర్‌ మీద పడుతుంది. పిడి ఉండే కింది భాగం, అంటే ఫ్రేమ్, ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చే లెక్క వేరు. తూటాల పెట్టె మీద బుల్లెట్ బరువు గ్రెయిన్లు అనే చిన్న కొలతలో, వేగం సెకనుకు అడుగుల్లో ఉంటాయి. ఆ రెండింటినీ గుణించి వెయ్యితో భాగించండి. వచ్చే అంకె తూటా వెనక్కి తన్నే జోరుకు కొలత. 124 గ్రెయిన్ల 9 ఎంఎం బుల్లెట్ 1,150 అడుగుల వేగంతో వెళ్తే 143 వస్తుంది. .45 ఏసీపీలో 230 గ్రెయిన్లు, 830 అడుగులు, అంటే 191. పీడనం చూస్తే .45ది 21,000 మాత్రమే. అయినా ఫ్రేమ్ మీద ముందుకూ వెనక్కూ జారే పై భాగాన్ని, అంటే స్లైడ్‌ను, ఎక్కువ జోరుగా వెనక్కి తోసేది అదే.

ఇక 10 ఎంఎం. 1983లో బ్రెన్ టెన్ పిస్టల్‌తో పాటు నార్మా కంపెనీ తెచ్చిన తొలి తూటాలో బుల్లెట్ 200 గ్రెయిన్లు, వేగం 1,200 అడుగులు. లెక్క కడితే 240. స్లైడ్ బరువు మారకపోతే .45తో పోల్చినప్పుడు దాని వేగం నాలుగో వంతు పెరుగుతుంది. వేగం వర్గంతో శక్తి పెరుగుతుంది కాబట్టి స్లైడ్ వెనక్కి వచ్చి ఫ్రేమ్‌ను కొట్టే దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మందు వాయువుల తోపు కూడా కలిస్తే ఇంకాస్త ఎక్కువే. అందుకే కొనేటప్పుడు మొదట స్లైడ్ బరువు అడగండి. స్లైడ్‌ను తిరిగి ముందుకు తెచ్చే స్ప్రింగ్ సంగతి తర్వాత.

బరువైన స్లైడ్ ఉన్నవి ఏవంటే, స్మిత్ అండ్ వెస్సన్ 1006 మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలే, కిలోకు పైగా తూగుతుంది. పాతదే అయినా పూర్తి శక్తి తూటాలకు నేను మొదట చెప్పే పేరు అదే. గ్లాక్ 20 ఖాళీగా 780 గ్రాములే కానీ, ఆ బరువులో ఎక్కువ భాగం స్లైడ్‌లోనే ఉంది. 9 ఎంఎం గ్లాక్ 17 స్లైడ్ కన్నా వెడల్పు, మందం ఎక్కువ. ప్లాస్టిక్ ఫ్రేమ్ కొద్దిగా వంగి దెబ్బను కొంత మింగుతుంది. .45 కోసం గీసిన సన్నటి స్లైడ్‌కు 10 ఎంఎం బ్యారెల్ మాత్రమే బిగించి అమ్మే పిస్టళ్ల విషయంలోనే ఆలోచించాలి.

ఒక్క మాట. 10 ఎంఎం అని రాసి ఉన్న ప్రతి తూటా 240 ఇవ్వదు. 180 గ్రెయిన్లు, 1,030 అడుగులవి చాలా దొరుకుతాయి. వాటి లెక్క 185, అంటే .45 కన్నా కాస్త తక్కువే. మీరు పేల్చబోయేవి అవే అయితే ఏ మంచి 10 ఎంఎం పిస్టలైనా సరిపోతుంది.

ప్రశ్న: పాత 10 ఎంఎం పిస్టల్ కోల్ట్ డెల్టా ఎలీట్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫ్రేమ్ పగులుతుందని విన్నాను. ఎక్కడ చూడాలి?

జవాబు: ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూడండి, వేలితో తడిమి కూడా రూఢి చేసుకోండి. తర్వాత స్లైడ్ విప్పి పక్కన పెట్టండి.

ఫ్రేమ్ ఎడమ వైపు, స్లైడ్‌ను వెనక ఆపి పట్టే మీట (స్లైడ్ స్టాప్) కూర్చునే గంటుకు సరిగ్గా పైన, స్లైడ్ జారే పట్టా సన్నటి వంతెనలా ఉంటుంది. 1987లో వచ్చిన తొలి డెల్టాలు పగిలింది అక్కడే. తర్వాతి తయారీలో కోల్ట్ ఆ ముక్కనే కోసి తీసేసింది. అంటే అది అసలు భారం మోసే చోటు కాదు. అక్కడి పగులు చూసి ధర తగ్గించమని అడగవచ్చు. కానీ పట్టా వెనుక కొసలోనో, స్ప్రింగ్ గొట్టం ఆనే గోడలోనో గీత కనిపిస్తే వదిలేయండి.

సన్నటి పగులు పొడి లోహం మీద కంటికి ఆనదు. పల్చటి నూనె రాసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు నిమిషాలు ఆగి, టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టండి. పగులులో దాగిన నూనె పైకి చెమ్మగిల్లి వెంట్రుకంత గీతగా మెరుస్తుంది. స్లైడ్ వచ్చి ఢీకొనే ఫ్రేమ్ గోడ అంచు పుట్టగొడుగులా చదునై ఉందా, స్లైడ్ స్టాప్ రంధ్రం గుండ్రం పోయి కోలగా మారిందా అన్నవీ చూడండి. బ్యారెల్ పైన స్లైడ్‌లో ఇమిడే గట్లు, అంటే లగ్గుల, అంచులు పదునుగా ఉండాలి. అరిగి గుండ్రబడితే ఆ పిస్టల్ చాలా దెబ్బలు తిన్నట్టే.

ప్రశ్న: నా .45 పిస్టల్‌లో 16 పౌండ్ల స్ప్రింగ్ తీసి 22 పౌండ్లది వేసి .45 సూపర్ తూటాలు పేల్చవచ్చా?

జవాబు: ఆ మోడల్ .45 సూపర్‌కు పనికొస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్తే తప్ప వద్దు. ఆ స్ప్రింగ్ మార్పు అదనంగా మింగే శక్తి సుమారు ఒక జౌల్. స్లైడ్ మోసుకొచ్చే శక్తి ముందు అది ఏ మూలకూ రాదు. పైగా గట్టి స్ప్రింగ్ స్లైడ్‌ను ముందుకు కూడా అంతే గట్టిగా విసురుతుంది. దాంతో బ్యారెల్ కింది కాళ్లు, స్లైడ్ స్టాప్ దెబ్బతింటాయి. మెత్తటి తూటాలు వేస్తే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ కేస్ (తూటా లోహపు గొట్టం) ఇరుక్కుంటుంది.

.45 సూపర్‌తో ఇంకో ప్రమాదం, అది బయటి కొలతల్లో మామూలు .45తో సమానం. ఏ .45లోనైనా దిగిపోతుంది. పీడనం మాత్రం 28,000 దాకా. పాత బ్యారెళ్లలో తూటా ఎక్కే వాలు కోసం ఛాంబర్ అడుగున లోహం చాలా కోసేసి ఉంటారు. అక్కడ కేస్ గోడకు ఆసరా ఉండదు. పేల్చిన కేస్ అడుగు దగ్గర నెలవంకలా ఉబ్బు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. తర్వాతి తూటాకు ఆ గోడ చిరిగి వాయువు మ్యాగజైన్‌లోకి దూసుకుపోవచ్చు. .460 రోలాండ్ అనే ఇంకా శక్తిమంతమైన తూటాను తయారు చేసినవాళ్లు దాని కేస్‌ను ఒకటిన్నర మిల్లీమీటరు పొడవు పెంచింది పొరపాటున మామూలు .45లో దిగకుండా ఉండాలనే.

ప్రశ్న: 10 ఎంఎం పిస్టల్‌లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ వేస్తే పేలుతుందని అంటారు. నిజమేనా?

జవాబు: పేలడం పేలుతుంది, వేయవద్దు. .40 కేస్ 21.6 మిల్లీమీటర్లు, 10 ఎంఎం కేస్ 25.2. ఛాంబర్ అంచుకు ఆనాల్సిన కేస్ 3.6 మిల్లీమీటర్ల దూరంలో ఆగి, ఖాళీ కేస్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కానికి వేలాడుతుంది. ఫైరింగ్ పిన్ దెబ్బంతా ఆ కొక్కెం మీదే పడుతుంది. .40 కావాలంటే దానికి తగిన బ్యారెల్ వేరే కొని మార్చుకోండి.

ప్రశ్న: స్ప్రింగ్ ఎప్పుడు మార్చాలి?

జవాబు: పూర్తి శక్తి తూటాలతో కోల్ట్ డెల్టా లాంటి 1911 తరహా పిస్టల్‌కు 2,000 రౌండ్లకోసారి మార్చడం మంచిది. పొడవు కొలిచి తేల్చకండి, కొత్త స్ప్రింగ్ కూడా మొదటి కొద్ది వందల రౌండ్లలోనే కాస్త కుంగుతుంది. రౌండ్ల లెక్క పుస్తకంలో రాసుకోండి. ఖాళీ కేస్‌లు ఎప్పటికన్నా దూరం పడటం మొదలైతే లెక్క పూర్తి కాకపోయినా మార్చేయండి.