దోసెల పప్పు ఎవరికి గుర్తుండాలి?

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులోంచి పోలేదు. "ఇంటి పనిలో ఎంత సాయం చేసినా మా ఆవిడ చిరాకుగానే ఉంటోంది మామయ్యా" అన్నావు. చిక్కంతా ఆ 'సాయం' దగ్గరే ఉంది నాయనా. సాయం పొరుగింటివాళ్లు చేస్తారు.

నేనూ అలా సాయం చేసినవాణ్ణే. కూరగాయలు తెచ్చేవాణ్ణి, అదీ మీ అత్తయ్య చీటీ రాసిస్తే. పెళ్లయిన పదేళ్లకు తను చెల్లెలి కాన్పుకని పదిహేను రోజులు వెళ్లింది. మర్నాడు పొద్దున్నే దోసెలు వేసుకుందామని చూస్తే పిండి లేదు. పప్పు, బియ్యం ముందురోజే నానబోసి, సాయంత్రం రుబ్బి, తెల్లవారేదాకా పులియనివ్వాలని అప్పుడు తలకెక్కింది. పదేళ్లు నేను తిన్న ప్రతి దోసెనూ ఆమె ముందురోజే తలలో మోసింది. గ్యాసు బుకింగు, పాల లెక్క, పిల్లవాడి టీకా తేదీ కూడా అక్కడే ఉండేవి.

నీకు లెక్కలంటే గురి కదా. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. గుర్తుపెట్టుకునే బరువు ఏ గడియారానికి అందుతుంది?

కాబట్టి ఒక్క పని పూర్తిగా నీ మీద వేసుకో. టిఫినే అనుకుందాం. ఏం చేయాలి, ఏం తేవాలి, ఎప్పుడు నానబోయాలి, అంతా నీదే. "మెంతుల డబ్బా ఎక్కడ?" అని కేకేయకు, వెతుక్కో. మొదటి వారం పిండి పులియదు, రెండో వారం మరీ పులుస్తుంది. ఆమె నవ్వితే ఉడుక్కోకు. "నా కొడుకుతో పిండి రుబ్బిస్తోందా" అని మీ అమ్మ అనకమానదు (మా అక్కయ్య సంగతి నాకు తెలియదా!). ఆ మాటకు జవాబు నువ్వే చెప్పు, ఆ అమ్మాయి దాకా రానివ్వకు.

ఇంకొకటి. తను ఆఫీసు గొడవలు చెబుతుంటే మధ్యలో ఉపాయాలు చెప్పకుండా విను.

వచ్చే వారం ఆవకాయ పెడుతున్నాం. మీ జాడీలో వెల్లుల్లి వేయమంటావా, వద్దా? ఆ అమ్మాయికి ఏది ఇష్టమో, ఆమెను అడగకుండా రాయగలవేమో చూడు.

మీ మామయ్య