బైల్ డక్ట్ క్యాన్సర్ బయోమార్కర్ల మీద పీహెచ్‌డీ అంటోంది, పంపొచ్చా?

ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. పిత్తనాళ క్యాన్సర్ బయోమార్కర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అవి పేపర్లు రాసుకోడానికే తప్ప పేషెంట్లకి పనికిరావని వాళ్ళ సీనియర్ అన్నాడట, పంపమంటారా?"

పంపండి సార్. బయోమార్కర్ అంటే రోగం గురించి చెప్పే, రక్తంలోనో కణాల్లోనో కొలవగలిగే గుర్తు. ఆ సీనియర్ చెప్పింది సగం నిజమే, ఆ సగం ఏంటో అమ్మాయికి ముందే తెలిసుంటే మంచిది.

ఈ క్యాన్సర్‌కి మామూలుగా రాసే రక్తపరీక్ష సీఏ 19-9. క్యాన్సర్‌లో పెరుగుతుంది, కాదనట్లేదు, కానీ నాళంలో రాయి అడ్డుపడి కామెర్లొచ్చినా, ఇన్ఫెక్షనొచ్చినా కూడా పెరుగుతుంది, మిల్లీలీటరుకి 37 యూనిట్ల లోపు ఉండాల్సింది వందల్లోకి పోయి, స్టెంట్ వేసి పిత్తరసం సాఫీగా పోవడం మొదలయ్యాక దానంతటదే దిగొచ్చేస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే లూయిస్ యాంటిజెన్ (రక్తకణాల మీద ఉండే ఒక పదార్థం) లేనివాళ్ళు సుమారు 5 నుంచి 10 శాతం ఉంటారు, వాళ్ళకి క్యాన్సర్ ముదిరినా ఇది పెద్దగా పెరగదు. అందుకే ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఎవరూ రోగం తేల్చరు, స్కాన్, బయాప్సీతో కలిపి చూస్తారు. ట్రీట్‌మెంట్ పనిచేస్తోందో లేదో ఫాలో అవ్వడానికైతే బానే ఉంటుంది.

సీనియర్ వదిలేసిన సగం ఇంకోటుంది. ఏ మందు ఇవ్వాలో చెప్పే మార్కర్లు. లివర్ లోపలి నాళాల్లో వచ్చే రకంలో కొందరికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 ఫ్యూజన్ (ఆ జీన్ ఇంకో జీన్‌తో అతుక్కుపోవడం), కొందరికి ఐడీహెచ్1 మ్యుటేషన్ (ఆ జీన్‌లో మార్పు) కనిపిస్తాయి. మొదటిదానికి పెమిగాటినిబ్ అనే మందుని 2020లో, రెండోదానికి ఐవోసిడెనిబ్‌ని 2021లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసింది. అందరికీ ఉండవు ఇవి, ఉన్నవాళ్ళకి మాత్రం ఆ టెస్ట్ రిపోర్టే మందు చీటీని మార్చేస్తుంది. నా లెక్కలో ఉద్యోగాలున్న వైపు కూడా ఇదే: మాలిక్యులర్ పాథాలజీ ల్యాబులు, సీక్వెన్సింగ్ రిపోర్టులు, బయోఇన్ఫర్మాటిక్స్, క్లినికల్ ట్రయల్స్. నాళంలో బ్రష్‌తో గీకి తీసే శాంపిల్‌లో కణాలు బొటాబొటీగా వస్తాయి కాబట్టి రక్తంలోనో పిత్తరసంలోనో తేలే డీఎన్‌ఏని పట్టుకునే పని కూడా చాలానే జరుగుతోంది.

అమ్మాయి స్టాటిస్టిక్స్ అంటే భయపడుతుంటే మాత్రం ముందు ఆ భయం పోగొట్టుకోవాలి. పదివేలమందిలో ఒక్కరికే ఈ క్యాన్సర్ ఉందనుకోండి, 95 శాతం స్పెసిఫిసిటీ ఉన్న (అంటే రోగం లేని వందమందిలో 95 మందికి సరిగ్గా నెగటివ్ చూపే) టెస్ట్ పెడితే ఏమీ లేని దాదాపు 500 మందికి పాజిటివ్ వచ్చేస్తుంది, ఆ ఒక్కరు ఎవరో ఎలా తెలుస్తుంది చెప్పండి? ఇది తెలీకుండా కొత్త మార్కర్ కనిపెట్టేశా అనేవాళ్ళే ఎక్కువ. స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ (R) అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాయడం ఇప్పట్నుంచే మొదలెట్టమనండి.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్కటి తప్పకుండా అడగమనండి: మీ స్టడీలో క్యాన్సర్ పేషెంట్లని ఎవరితో పోలుస్తున్నారు అని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో అంటే వేరే ల్యాబ్ చూసుకోమనండి. రాళ్ళతో, కామెర్లతో హాస్పిటల్‌కొచ్చినవాళ్ళతో పోలుస్తున్నాం, ఆ శాంపిల్స్ ఇచ్చే సర్జన్లు మాతోనే పనిచేస్తారు అంటే చేరిపొమ్మనండి.