అమ్మాయి పెళ్లి నాలుగు నెలల్లో.. బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. అయిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.1 వచ్చింది. థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నాను. వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి, ఇంకా నాలుగు నెలలే ఉంది. మా తోటికోడలు వారానికో ఇంజెక్షన్ వేసుకుని బాగా తగ్గింది. తనకు తెలిసిన మెడికల్ షాపులో ఇప్పిస్తానంటోంది. థైరాయిడ్ ఉన్నవాళ్లు వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని ఇంకొకరు భయపెట్టారు. 23 ఏళ్ల మా అమ్మాయి కూడా (160 సెంటీమీటర్లు, 61 కిలోలు) పెళ్లిలోపు రెండు నెలలు వేసుకుంటానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందు మీ అమ్మాయి సంగతి చెప్పేస్తానమ్మా. తనకు వద్దు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, తనకు 24 లోపే ఉంది. ఈ మందులు బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి కూడా ఉన్నవాళ్లకు ఉద్దేశించినవి. పైగా పెళ్లయ్యాక గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. వారానికోసారి వేసుకునే ఈ ఇంజెక్షన్లలో ముఖ్యమైనవి సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. సెమాగ్లూటైడ్ శరీరంలోంచి పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల ప్రభావాన్నే తగ్గించవచ్చు. నాలుగైదు కిలోల కోసం పెళ్లికూతురికి ఈ చిక్కులన్నీ ఎందుకు?

మీ విషయం వేరు. మీ బీఎంఐ 33.7. షుగర్ అదుపులో లేదు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మీకు ఈ మందు పనికొస్తుందనే నా అభిప్రాయం. కానీ పెళ్లి ముహూర్తాన్ని గడువుగా పెట్టుకుని మొదలుపెట్టకండి. ఎందుకో లెక్క చూడండి.

మన పేగుల్లో భోజనం తర్వాత జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది అదే. ఈ ఇంజెక్షన్లు దానిలాగే పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, తిన్నది పొట్టలోంచి నెమ్మదిగా కిందికి జారుతుంది. వికారం, వాంతులు, పుల్లటి తేన్పులు, విరేచనాలు, మలబద్ధకం చాలావరకు ఇందువల్లే వస్తాయి. శరీరం అలవాటు పడాలనే మోతాదు మెట్లు మెట్లుగా పెంచుతాం. బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 దాటించి 2.4కు తీసుకెళ్తాం. అక్కడికి చేరేసరికే 16 వారాలు. అంటే పూర్తి మోతాదు మొదలయ్యే రోజుకు మీ ఇంట్లో పందిరి వేస్తుంటారు!

ఇంకో మాట. పేపర్లలో మీరు చదివే 15 శాతం తగ్గుదల షుగర్ లేనివాళ్ల మీద, 68 వారాలు వాడి చూసిన ఫలితం. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో అదే 2.4 మోతాదుతో అన్నే వారాలకు సగటున తగ్గింది 9.6 శాతం. మీ 82 కిలోల మీద అది ఎనిమిది కిలోల లోపు. టిర్జెపటైడ్‌తో ఇంకొంచెం ఎక్కువ తగ్గవచ్చు, అదీ 72 వారాలకు. మీ తోటికోడలికి షుగర్ లేకపోతే ఆమెతో పోల్చుకుని నిరాశపడకండి. ఎనిమిది కిలోలు తగ్గినా మీ మోకాళ్లకు, షుగర్‌కు అది చిన్న మేలేం కాదు.

గడువు దగ్గరపడుతోందని రెండు మెట్లు ఒకేసారి ఎక్కినవాళ్లు నా దగ్గరికి సెలైన్ పెట్టించుకోవడానికి వస్తుంటారు. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి. వైశాఖపు ఎండ, పెళ్లి పనులు, వేళ తప్పిన భోజనాలు, నూనె ఓడే పులిహోర, గారెలు.. వీటన్నిటి మధ్య మోతాదు పెంచడం మంచిది కాదు. మొదలుపెట్టినా పెళ్లి అయ్యేదాకా చిన్న మోతాదులోనే ఆగమని డాక్టర్‌ను అడగండి. ఆగినంత మాత్రాన నష్టమేమీ లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది గ్లిమెపిరైడ్. ఈ ఇంజెక్షన్ ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ తోడైతే, దానికితోడు మీరు సరిగా తినకపోతే, పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, తికమక వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు షుగర్ చూసుకోవాలి. ఆ మాత్రను తగ్గించాలా, మానేయాలా అన్నది మీ డాక్టరే తేల్చాలి. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న మిమ్మల్ని ఎవరూ అడగరు. డాక్టర్ చీటీ లేకుండా ఈ మందు కొనొద్దని అనేది అందుకే. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో ముగిసింది కాబట్టి ఇక రకరకాల పేర్లతో దొరుకుతుంది. పేరు ఏదైనా లోపలి మందు, మోతాదు చదివించుకోండి. ఫ్రిజ్‌లో ఉంచకుండా చేతులు మారిన ఇంజెక్షన్ పెన్ను తీసుకోవద్దు.

థైరాయిడ్ భయం సంగతి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో థైరాయిడ్‌లోని సి-కణాలకు గడ్డలు వచ్చాయి. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదు. అయినా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ, రక్తసంబంధీకులకు గానీ ఉన్నవాళ్లకు ఈ మందులు ఇవ్వం. మీకున్నది థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం. దానికీ ఆ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. బరువు తగ్గేకొద్దీ మీ థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చేయించుకుంటే చాలు.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి పుట్టి వీపులోకి పాకుతూ వాంతులైతే అది క్లోమం వాపు కావచ్చు. కుడి డొక్క కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. వేగంగా బరువు తగ్గేవాళ్లలో ఈ రాళ్లు ఎక్కువ. ఉన్నట్టుండి చూపు తగ్గినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ గానీ ఎండోస్కోపీ గానీ చేయాల్సి వస్తే, ఈ మందు వాడుతున్నట్టు మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. పొట్టలో ఆహారం మిగిలి ఉండొచ్చు.

ఎవరూ పట్టించుకోనిది కండ. తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండా పోతుంది. పద్నాలుగు కిలోలు తగ్గిన ఒకావిడ సంతోషంగానే వచ్చారు గానీ, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోయారు. ఆకలి లేదని రెండు ఇడ్లీలతో రోజు గడిపేశారట. మీరు అలా చేయొద్దు. అన్నం తగ్గినా పప్పు, గుడ్డు, చేప, పెరుగు తగ్గకూడదు. పళ్లెంలో ముందు వాటినే తినండి. మోకాళ్ల నొప్పి ఉన్నా, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం రోజుకు కొన్నిసార్లు చేయొచ్చు.

పెళ్లయ్యాక ఆపేద్దామని అనుకుంటున్నారేమో. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్లు ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు మళ్లీ పెరిగారు. బీపీ మాత్రలాగే దీన్నీ ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. ఆ ఖర్చు మీ ఇంటికి మోయగలిగేదేనా అన్నది పెళ్లి ఖర్చుల మధ్య కాకుండా నింపాదిగా ఆలోచించుకోండి.

ఈ వారంలో రెండు పనులు చేయండి. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉండి ఒక్కసారిగా తగ్గితే కంటి వెనక రెటీనా సమస్య ముదరవచ్చు కాబట్టి కళ్ల డాక్టర్‌తో రెటీనా పరీక్ష, దాంతోపాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఆ రిపోర్టులతో, వాడుతున్న మాత్రల అట్టలన్నీ పట్టుకుని మీ షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.