మాత్రలు ఎక్కువైతే కండ తగ్గుతుందా?

"నాన్నగారికి 76 ఏళ్లు, రోజుకు ఎనిమిది మాత్రలు వేసుకుంటారు. తొడలు సన్నబడుతున్నాయి, మందుల వల్లేనా?" అని అడిగారు. కొంతవరకు కావచ్చు, కానీ తప్పంతా మందులదే కాదు.

వయసుతో కండ, బలం తగ్గిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. షుగరు, గుండె జబ్బు వంటివి ఒకపక్క కండను తింటూ, మరోపక్క మాత్రల సంఖ్యను పెంచుతాయి. అందుకే ఐదారు మందులు వాడేవారిలో కండ తగ్గడం కూడా తరచుగా కనిపిస్తుంది.

కొన్ని మందుల పాత్ర మాత్రం స్పష్టమే. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు నెలల తరబడి వాడితే కండలోని ప్రోటీన్ కరిగిపోతుంది. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి తగ్గిస్తుంది. నిద్రమాత్రల మత్తు మనిషిని కుర్చీకి అతికిస్తుంది. కదలని కండ నిలవదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీనికి రెండో వైపు. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ అనే వ్యర్థం ప్రధానంగా కండ నుంచే వస్తుంది. కండ తరిగిన పెద్దవారిలో అది తక్కువే తయారవుతుంది కాబట్టి, కిడ్నీలు బలహీనపడినా రిపోర్టులో 0.9 అని నిశ్చింతగా కనిపించవచ్చు. ఆ అంకెను నమ్మి మామూలు మోతాదు ఇస్తే డిగాక్సిన్ అనే గుండె మందు వంటిది ఒంట్లో పేరుకుపోతుంది. ఇలాంటివారికి, కండపై అంతగా ఆధారపడకుండా కిడ్నీల పనితీరు చెప్పే సిస్టాటిన్ సి రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

ఇంట్లో ఒకటి చూడండి. మీరు పక్కనే నిలబడి, నాన్నగారిని చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే డాక్టరుకు చెప్పండి. వెళ్లేటప్పుడు షాపులో కొన్న నొప్పి మాత్రలు, ఆయుర్వేద చూర్ణాలతో సహా అన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఏ మాత్రనూ సొంతంగా మానిపించకండి. దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.