భార్య స్నేహితురాలి పెళ్లికి రెండు రోజుల సెలవులో వాళ్ళ ఊరు వెళ్ళి రావచ్చా?

ప్రశ్న అడిగినాయనకి ఉద్యోగం హైదరాబాదులో, సెలవు శని ఆదివారాలే, పెళ్లేమో కోనసీమలో. వెళ్ళి రావడం కుదురుతుందా, అసలు నేను కూడా వెళ్ళాలా అని అడిగారు. కుదురుతుంది. వెళ్ళాలి. కాకపోతే ముహూర్తం శ్రావణంలో అయితే భద్రాచలంలో గోదావరి ఎన్ని అడుగులుందో చూసుకుని బయల్దేరండి.

ఊరికే అనడం లేదు. మాది భద్రాచలం. మా ఆవిడది కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక ఊరు. మా కరకట్ట పక్క నుంచి పోయిన వరద ఒక రోజు అటూ ఇటూగా ధవళేశ్వరం బ్యారేజీకి చేరుతుంది, అక్కడి నుంచి వీళ్ళ అరటితోటల్లోకి. అందుకని వానాకాలంలో మా మామగారు ఫోన్ చేస్తే "బాగున్నారా" తర్వాత సంగతి, ముందు "అల్లుడుగారూ, మీ ఊళ్ళో ఎన్ని అడుగులండి?" 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 దాటినప్పుడైతే గంటకోసారి చేశారు. నేనుండేది హైదరాబాదులో అంటే వినరు. గేట్లు ఎత్తిందేదో నేనే అన్నట్టు మాట్లాడతారు.

ఇక ఆ పెళ్లి. మా ఆవిడతో ఒకటో తరగతి నుంచి చదువుకున్న అమ్మాయిది. శుభలేఖ ఇరవై రోజుల ముందు వచ్చింది. రైలు టికెట్లేమో అరవై రోజుల ముందే తెరుస్తారు. ఈ లెక్క పెళ్లిళ్ళు చేసేవాళ్ళకి ఎందుకు పట్టదో నాకు అర్థం కాదు. శుభలేఖ మీద గణపతి బొమ్మకి పెట్టే శ్రద్ధలో సగం దీనికి పెడితే చాలు. తత్కాల్లో దొరికించుకుని శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారేసరికి రాజమండ్రి, అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు. అమలాపురానికి రైలు వస్తుందని మా ఆవిడ చిన్నప్పటి నుంచీ వింటోంది. అమలాపురం మీదుగా వెళ్ళాల్సిన కోటిపల్లి-నర్సాపురం లైను మంజూరై పాతికేళ్ళవుతోంది, ఆమెకి పెళ్లి కూడా అయిపోయింది.

రేవు దగ్గరికి వెళ్తే ఏరు దాటించే కాజ్‌వే రోడ్డు లేదు. అంటే ఉంది, నీళ్ళ కింద. పెళ్లి అవతల ఒడ్డున. వంటవాళ్ళు ఇవతల ఒడ్డున ఎవరింట్లోనో పొయ్యిలు పెట్టి వండేసి, గుండిగలు ఒక్కొక్కటే పడవలోకి దించుతున్నారు. పెళ్లివారితో కలిపి ఇరవై మందిమి. నా రెండు కాళ్ళ మధ్య దప్పళం గుండిగ, మూతకి గుడ్డ కట్టి ఉంది, మోకాళ్ళకి సెగ తగులుతోంది. లైఫ్ జాకెట్లు ఆరే ఉన్నాయి. పడవాయన అందరినీ ఒకసారి చూసి, ముసలివాళ్ళకీ పిల్లలకీ ఇచ్చి, చివరిది నాకు తొడిగాడు. పట్టుపంచె మీద ఆరంజి రంగు జాకెట్. ఆ ఫోటో మా ఆవిడ స్నేహితుల గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది.

నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణే. కానీ మాకు గోదావరి అంటే కరకట్ట మీద నిలబడి చూసేది, మెట్ల మీద కూర్చుని స్నానం చేసేది. వరదలో పడవెక్కడం అదే మొదలు. ఎర్రనీరు, గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది. నేను అంచు పట్టుకుని బిగుసుకుపోయాను. మా ఆవిడ మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నిలబడే ఉంది. హైదరాబాదులో మెట్రోలో స్తంభం వదలని మనిషి! "అంచు వదిలేయండి, పడవతోపాటు మీరూ ఊగండి" అంది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో "ఏమే బుల్లీ, బావగారు ములిగిపోతారేమోనే, జాగర్త!" అని అరిచారు. బుల్లి ఎవరా అని చుట్టూ చూశాను. నాలుగేళ్ళ కాపురంలో నాకు తెలియని పేరది.

ఆ ఒక్క కేక కోసమైనా వెళ్ళాలంటాను నేను.

వెళ్తే మాత్రం ముహూర్తం దాకా ఉండండి. మేం వెళ్ళిన పెళ్లిది రాత్రి 2:40కి. భోజనం చేసి, కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పందిట్లో ముప్ఫై మంది కూడా ఉండరు. ఉన్నవాళ్ళకైనా కనపడదు, ఇద్దరు ఫోటోగ్రాఫర్ల వీపులు అడ్డం. ఇక్కడ మాత్రం పడవ తెల్లారేదాకా లేదు కాబట్టి ఊరికి ఊరే మెలకువగా ఉంది. అందరూ పెళ్లి చూశారు. ప్రతి పెళ్లికీ వరద రావాలని నా ఉద్దేశం కాదు గానీ.

బంతిలో వేడి బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తున్నాయన నా దగ్గర ఆగి "భద్రాచలం అల్లుడుగారు మీరేనాండి?" అన్నారు. అవునన్నాను. "తగ్గుతోందాండి?" ఫోన్ తీసి చూశాను. 44. తగ్గుతోందని చెప్పాను. బంతి బంతంతా నా వైపు తిరిగి చూసింది. ఇంకో బూరె పడింది.

ఆదివారం రాత్రి తిరుగు టికెట్ ఖాయం కాలేదు. రాజమండ్రి నుంచి బస్సులో కూర్చుని వచ్చి, సోమవారం తొమ్మిదిన్నరకి ఆఫీసు మీటింగులో కునికిపాట్లు పడ్డాను. ఈ శ్రావణంలో ఆ బ్యాచ్‌లోనే ఇంకో అమ్మాయి పెళ్లి ఉందట. నిన్న టికెట్లు చూస్తే వెయిటింగ్ లిస్టు 41.